ఎనిమిది పక్కన తొమ్మిది

అన్నిటికన్నా నాకు భయం ఒకటే. అన్నయ్య ఏదో ఒకరోజు స్క్రీన్ మీద అంకెలకి తువ్వాలు అడ్డం వేసి, "ఏదీ, ఇప్పుడు కలుపు" అంటాడని.

అన్నయ్యంటే మా పెదనాన్న కొడుకు. డ్యాన్స్‌హాల్ అనే జమైకా దరువు పాటలు కలపడం నాకు నేర్పింది తనే. ఎనిమిదో తరగతిలో బడి మానేసి ఇంట్లో కూర్చున్నదాన్ని లాక్కొచ్చి, కళ్లు మూయించి మరీ నేర్పాడు. "ఒక పాట పోతూ ఉండగానే ఇంకోటి రావాలి. అతుకు తెలిసిందా, నువ్వు పనికిరావు" అనేవాడు.

ఈ హాల్లో ఆదివారం మూడింటి నుంచి ఐదింటి దాకా డెక్, అంటే పాటలు కలిపే బల్ల, నాది. అదీ అన్నయ్య ఇప్పించిందే. పాపకి ఏడు నెలలు. డెక్ వెనక చెక్క అడ్డు అవతల, చెప్పులు పెట్టే గదిలో బుట్టలో పడుకోబెడతాను. పాట పాటకీ వెళ్లి చూసొస్తాను.

"మరీ అంత కంగారేంటే? పిల్ల లేచి పారిపోతుందా?" అని నవ్వుతాడు అన్నయ్య.

పాప పుట్టాక నేను స్క్రీన్‌కి అతుక్కుపోయాను. ప్రతి పాట పక్కనా రెండు అంకెలుంటాయి. ఒకటి వేగం, ఒకటి శ్రుతి. వేగం తొంభై ఆరున్న పాటకి తొంభై ఏడు తగిలిస్తే ఆడేవాళ్ల అడుగు తప్పదు. శ్రుతి ఎనిమిదైతే మళ్లీ ఎనిమిదో, పక్కనున్న ఏడో, తొమ్మిదో. అంతే. పరీక్షలో పక్కపిల్ల కాగితం చూసి రాసినట్టు. మార్కులొస్తాయి. తల మాత్రం ఎత్తుకోలేం.

ఇవాళ ఆ కాగితమే తప్పయింది.

స్క్రీన్ ఎనిమిదని చూపించిన పాట అసలు ఎనిమిదే కాదట. నేను హాయిగా తలూపుతూ కలిపేశాను. ఎదురుగా ఆడుతున్న లావుపాటావిడ పచ్చి నిమ్మకాయ కొరికినట్టు మొహం పెట్టింది. మరో ఇద్దరు ఆగిపోయారు. నేను నవ్వుతూనే ఉన్నాను.

అన్నయ్య వచ్చి నా భుజం పట్టి తనవైపు తిప్పుకున్నాడు. నా చూపు తన పెదాల మీదే ఉంది.

"ఏంటే అది? రెండు పాటలూ జుట్లు పట్టుకుని కొట్టుకుంటున్నాయి!"

"కావాలనే చేశానన్నయ్యా. కొత్తగా ఉంటుందని."

"కొత్తా నీ మొహమా! పిలిస్తే పలకవు. ఆ హెడ్‌ఫోన్లు తియ్యవు. అంకెలు చూసి కలపడానికి నువ్వెందుకే, ఆ డబ్బా చాలదూ?"

మెడలోని తువ్వాలు తీసి, అంకెలున్న సగం స్క్రీన్‌ని కప్పేశాడు. పాటల పేర్లు మాత్రం మిగిలాయి.

"ఏదీ, ఇప్పుడు కలుపు. కుదరలేదా, వచ్చే ఆదివారం నుంచి రావద్దు."

సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. చెబితే జాలిపడతాడు. జాలిపడ్డవాళ్లు డెక్ చేతికివ్వరు.

అప్పుడు తట్టింది. డ్యాన్స్‌హాల్ పాటల్లో ఒకే వాయింపు మీద పదిమంది పది పాటలు పాడతారు. పాడేవాళ్లు మారతారు గానీ దరువు మారదు, శ్రుతీ మారదు. ఒకే ఇంట్లో తోడికోడళ్లలాగా. అలాంటి జంట ఒకటి నాకు కంఠతా వచ్చు. మొదటిది వేశాను. స్పీకర్ డబ్బా మీద అరచెయ్యి ఆనించి దెబ్బలు లెక్కపెట్టాను. పదహారో దెబ్బకి రెండోది వదిలాను.

లావుపాటావిడ చేతులెత్తి అందుకుంది. ఆగినవాళ్లు కదిలారు. అతుకు తెలియలేదని అన్నయ్య మొహమే చెప్పింది.

"తప్పయింది తల్లీ. నిన్ను అనుమానించాను" అన్నాడు. కళ్లు తుడుచుకుని టీ తేవడానికి వెళ్లాడు.

తిట్టినప్పుడు కూడా నాకింత సిగ్గెయ్యలేదు.

ఇవాళ ఇంకో తప్పు చెయ్యలేను. ఐదింటి దాకా ఇక్కణ్ణించి కదలను. కానీ పాపకి పాలవేళ దాటిపోతోంది.

ఇంతదాకా చదివారు కదా, అన్నయ్యకి చెప్పకుండా ఒక్కసారి ఆ చెప్పుల గదిలోకి వెళ్లి, పాప ఏడుస్తోందేమో చూసి, నా ఎదురుగా వచ్చి చేత్తో సైగ చెయ్యండి, కాన్పు జ్వరానికి నా రెండు చెవులూ పోయి ఏడు నెలలైంది.