నిండు సీసా

పిల్లల మనసుకు తగిలిన గాయాలకు ఉచితంగా వైద్యం చేసే సంస్థ మాది. వారానికోసారి ముప్పావుగంట సేపు ఆటల గదిలో పాపా నేనూ ఉంటాం. మూసిన తలుపు అవతల, బెంచీ మీద వాళ్ళమ్మ.

పాపకి ఏడేళ్ళు. ఐదు నిమిషాలకోసారి "నీళ్ళు తాగొస్తానక్కా" అంటూ బయటికి పరుగెత్తేది. రెండు నెలలుగా ఇదే వరస. మాట్లాడడం ఇష్టం లేక తప్పించుకుంటోందని నా నోట్సులో రాసుకున్నాను.

అందుకే ఇవాళ సీసా నిండా నీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టాను. వాళ్ళమ్మ కూడా మొదటిసారి నవ్వుతూ వచ్చింది, చేతిలో పెద్ద సంచితో.

"మీ దగ్గరుంటే దీనికి ఏ దిగులూ లేదు మేడమ్" అంది.

నా పని ఫలిస్తోందని పొంగిపోయాను.

కాసేపటికే పాప లేచింది. "అక్కా, నీళ్ళు..."

"ఇవిగో! చెరువంత తెచ్చాను. ఇవాళ ఎలా పారిపోతావో చూస్తా, దొంగపిల్లా!"

పాప నవ్వలేదు. సీసానీ తలుపునీ మార్చి మార్చి చూసింది.

"నాకు దాహం లేదక్కా."

"మరి ప్రతిసారీ ఎందుకే వెళ్తావు?"

"అమ్మ ఉందో లేదో చూడ్డానికి. అప్పుడు నేను బళ్ళో ఉంటే అమ్మ చచ్చిపోబోయింది. నేను చూస్తూ ఉండాలి."

గబుక్కున తలుపు తీశాను. బెంచీ మీద సంచి ఒక్కటే ఉంది. అందులో పాప గౌన్లన్నీ పొందిగ్గా మడతపెట్టి ఉన్నాయి. డాబా మెట్ల మీద, పైనెక్కడో, చెప్పుల చప్పుడు నెమ్మదిగా వినిపిస్తోంది.

నాకంటే ముందు పాప పరుగెత్తింది.