ఐదు మీటర్ల దూరం

బోర్లించిన సంచి నోట్లో వాక్యూమ్ మిషన్ గొట్టం ఉంది.

లోపలి కుట్లలోంచి గోధుమరంగు పొడి కదిలి గొట్టంలోకి పోయింది.

గడప పక్కన మా అవ్వ, నన్ను కన్న గంగుబాయి, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతున్నది. ఆకులో తంబాకు పోసిన ప్రతిసారీ కొంత గాలిలోకి లేచి, కిటికీ వెలుగులో కాసేపు నిలిచి, నేను శుభ్రం చేసిన సంచి మీదికే దిగుతున్నది.

రేపు ఉదయం నిజామాబాద్ నుంచి నా ప్రయాణం. దక్షిణాన ఉన్న మంచు ఖండంలో రెండు నెలలు ఉండి, రాళ్ల మీద బతికే నాచును పరిశీలించాలి.

పరిశోధకులైనా పర్యాటకులైనా అక్కడికి వెళ్లేవారికి నియమం ఒకటే. విత్తనం, మట్టి, ఎండుటాకు ముక్క, ఏదీ వెంట రాకూడదు. జేబులు, బూట్ల అడుగులు, సంచి కుట్లు వెతికి వెతికి శుభ్రం చేసుకోవాలి.

ఆ నియమం మీద నాకు గౌరవం ఉంది. నాచు ఎంత నెమ్మదిగా పెరుగుతుందో నాకు తెలుసు.

కిందటిసారి ఓడ మీద తనిఖీ చేసినావిడ నా సంచి కుట్టులోంచి పట్టకారుతో ఒక రవ్వను తీసి భూతద్దం కింద పెట్టింది. ఏ మొక్క అని అడిగింది. పొగాకు శాస్త్రీయ నామం చెప్పాను.

ఎలా వచ్చిందని అడిగింది.

రైల్లో పక్కన ఎవరో కూర్చున్నారన్నాను.

ఆ ఎవరో ఇప్పుడు నా ఎదుట కూర్చుని దగ్గుతున్నది.

మళ్లీ దొరికితే ఓడ దిగనిచ్చేది లేదని కాగితం మీద రాసి పంపారు. దిగకపోతే నాలుగేళ్ల పని అక్కడితో ఆగిపోతుంది.

“అవ్వా, జర బయట కూసో.”

“ఎందుకే?”

“పొడి లేస్తున్నది.”

ఆమె చేతిలోని బీడీ ఆగింది. నా ముఖంలోకి చూసింది.

“ఇన్నొద్దులకు నా దగ్గు యాదికొచ్చిందా బిడ్డ?”

నేను సంచి జిప్పు సరిచేస్తున్నట్టు తల దించుకున్నాను.

ఆమె చాట ఎత్తుకొని వాకిట్లోకి పోయింది. ఎదురింటి సుమిత్రమ్మ అప్పటికే మా మెట్టు మీద కూర్చుని ఆకు కత్తిరిస్తున్నది.

“ఏందక్కా, బయటికొచ్చినవ్?”

“నా బిడ్డ పొమ్మన్నది. నాకు పొడి పడదని.”

ఆ మాటలో ఉన్న గర్వాన్ని నేను లోపల కూర్చుని విన్నాను.

అవ్వను పొడికి దూరంగా ఉంచమని డాక్టరు నాతో అని మూడేళ్లయింది. ఆ రోజు గోళీలు కొనిచ్చి హైదరాబాద్ బస్సెక్కాను.

బోధన్ రోడ్డులో కార్లు కడిగే దుకాణం నుంచి అద్దెకు తెచ్చిన మిషన్ అది. సంచితో ఆపలేదు. గదంతా పొడి లాగాను. చాప కింద, గోడ మూల, ముప్పై ఏళ్లుగా ఆమె కూర్చున్న చోట.

సుమిత్రమ్మ కూర్చున్న చోటు నుంచే గడపలోంచి తొంగి చూసింది.

“దక్షిణం దిక్కు యముడుంటడంటరు గదనే వినీతా. గాడ మనుషులుంటరా?”

“ఊర్లుండవు చిన్నమ్మా. మాలెక్క పనికి పోయినోల్లే. పిట్టలుంటయి.”

“మరి సూడనీకి పోతరట గద, పైసలున్నోల్లు?”

“పోతరు. పిట్టలకు ఐదు మీటర్ల దూరంల నిలబడి సూడాలె. దగ్గరికి పోవద్దు.”

“ఎందుకట?”

“వాటికి తకలీఫ్ కావద్దని.”

సుమిత్రమ్మ కత్తెర ఆపి నవ్వింది. “అబ్బ, పిట్టలకు గంత ఇజ్జతా! మనం గీ గల్లీల పుట్టుడే గల్తీ అయింది గదక్కా.”

అవ్వ నవ్వలేదు. తాను కూర్చున్న మెట్టు నుంచి నా సంచి దాకా ఒకసారి చూపుతో కొలిచింది.

“గిది ఐదు మీటర్లుంటదా బిడ్డ?”

మిషన్ ఆపాను.

“ఉంటది అవ్వా.”

“అయితే మంచిదే. సంచికి తాకది.”

ఇంకో ఆకు తీసి బీడీ చుట్టింది.

“అయిపోయినంక గా పైపు జర నా ఛాతికి గూడ పెట్టరాదే,” అన్నది.

వాళ్లిద్దరూ పగలబడి నవ్వారు. అవ్వ నవ్వు దగ్గుగా మారింది. సుమిత్రమ్మ ఆమె వీపు నిమురుతూ కూర్చున్నది. నేను సంచిని కొత్త ప్లాస్టిక్ కవరులో పెట్టి, అంచులకు టేపు అంటించాను. ఆ తర్వాతనే నీళ్లు తీసుకెళ్లాను.

మిషన్ డబ్బా విప్పి కాగితం మీద బోర్లిస్తే దోసెడు పొడి వచ్చింది.

“పారేస్తవా ఏంది?” అవ్వ చెయ్యి చాపింది. “ఇటియ్యి. దాంట్ల మస్తు తంబాకున్నది. ఈసారి కార్ఖానోల్లు తూకం తక్కువిచ్చిండ్రు.”

“వద్దవ్వా. దుమ్ము అది.”

“గీ దుమ్ముతోనే గద నువ్వు గంత దూరం పోయింది.”

కాగితం ఆమె చేతిలోకి పోయింది. జల్లెడ పట్టి, వెంట్రుకలు ఏరి, నోటితో ఊది, మిగిలినదాన్ని చాటలో కలుపుకొన్నది. ఊదిన పొడి మెట్టు మీద తేలి, ఆమె ముఖం దగ్గర కాసేపు ఆగింది. అప్పుడే మబ్బు పట్టింది. చినుకులు పడతాయని చాట తీసుకొని లోపలికి వచ్చి, గడప పక్కన తన చోట కూర్చున్నది.

నేను ఫోనులో ధ్రువీకరణ పత్రం నింపుతున్నాను. సంచి శుభ్రం చేశారా? చేశాను. బూట్లు? చేశాను. జేబులు? చేశాను.

చివరి ప్రశ్న: తొలగించిన ధూళిని ఎక్కడ వేశారు?

అవ్వ తల ఎత్తకుండా అడిగింది. “అన్ని సరిగ్గ రాసినవా బిడ్డ?”

“రాస్తున్న అవ్వా,” అన్నాను.

ఎవరూ లేని చోట, అని రాశాను.