ఘాటు బిళ్ల

బడి గేటు బయట ముసలాయన డబ్బా మూత తీయగానే ఘాటైన వాసన గుప్పుమంది.

"దా బిడ్డా, నోట్లేసుకో. కొరకకు, చప్పరించు."

స్వర్ణ చెయ్యి చాపి, బిళ్ల నోట్లో వేసుకుంది. పిప్పిపన్నుతో బుగ్గ వాచి, పొద్దుటినుంచి గంజి కూడా తాగని పిల్ల.

మేకలకు మండలు నరుక్కొస్తున్న వెంకటనర్సమ్మ ఇది చూసింది. మోపు అక్కడే పడేసి ఉరికింది.

"ఎవడ్రా నువ్వు? నా మనుమరాలికి ఏం పెడుతున్నవ్?"

"చాక్లెట్ అమ్మా. పిప్పి పండ్లకు మంచిది."

"చాక్లెట్ తింటే పండ్లు పుచ్చిపోతయని లోకమంతా చెప్తాంటే, నువ్వేందిరా పండ్లకు మంచిదంటవ్?"

పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఆ వారమంతా ఊళ్లో ఏ ఫోన్ చూసినా అవే మాటలు, అవే వీడియోలు. ఆమె స్వర్ణ నోట్లోంచి బిళ్ల లాగి వాసన చూసింది. ముక్కు పుటాలు మండాయి.

"మత్తు మందు! ఓ ఎల్లస్వామీ, ఉరికిరా! పిల్లల దొంగ దొరికిండు!"

ఊరంతా మూగింది. ఎవరో చెంప పగలగొట్టారు. పక్కింటి ఎల్లస్వామి వచ్చి, ఆయన రొమ్ము మీద చెయ్యేసి ఒక్క నూకు నూకాడు. ముసలాయన వెల్లకిలా పడ్డాడు. బిళ్లలు మట్టిలో దొర్లాయి.

"జర నా మాట ఇనుండ్రి..."

"మళ్ల ఈ ఊళ్లె కనబడితే పోలీసులకు పట్టిస్తం, పో!"

ముసలాయన లేచాడు. మట్టిలోని బిళ్లల వైపు ఒకసారి చూసి, రొమ్ము రుద్దుకుంటూ అచ్చంపేట బస్సెక్కాడు.

ఆ పూట స్వర్ణ ఏడవకుండా జొన్న గటక తిన్నది. అంతా మైసమ్మ దయే అనుకుని, పిల్ల దక్కినందుకు వెంకటనర్సమ్మ కొబ్బరికాయ కొట్టింది.

మర్నాటికి నొప్పి మళ్లీ లేచింది. అచ్చంపేట దవాఖానకు తీసుకుపోతే పళ్ల డాక్టరమ్మ లేదు.

"వాళ్లింట్ల చావైంది అవ్వా. దినాలు అయినంక వస్తది" అంది నర్సు గ్రేస్.

దినాలు గడిచాక మళ్లీ పోయింది. డాక్టర్ దీప్తి ముఖం వాడిపోయి ఉంది. వెంకటనర్సమ్మకు మాత్రం తన ఉక్రోషమే ముందుకొచ్చింది.

"మంచిగ మరిచిపోతివి డాక్టరమ్మా! మా ఊళ్లె క్యాంపు పెట్టిన నాడు ఏం చెప్పినవ్? పిల్లల నోళ్లల్ల పురుగును చంపే మందు పంపిస్తనంటివి. మీ బండి కోసం చూసి చూసి నా కండ్లు కాయలు కాసినయ్."

దీప్తి సొరుగులోంచి గాజు సీసా తీసి, ఒక బిళ్ల స్వర్ణ చేతిలో పెట్టింది.

"ఇదే అవ్వా ఆ మందు. చక్కెర ఉండదు. లవంగ నూనె, పుదీన నూనె. రోజూ చప్పరిస్తే నోట్లె పురుగును పెరగనియ్యదు. మిగిలిన పండ్లన్న దక్కుతయ్."

గది నిండా అదే ఘాటు. వెంకటనర్సమ్మ స్వర్ణ చేతిలోని బిళ్లను మళ్లీ వాసన చూసింది.

స్వర్ణ ముఖం వెలిగింది.

"అవ్వా, గా తాత చాక్లెట్!"

దీప్తి చప్పున తలెత్తింది. కళ్లనిండా నీళ్లు, ఆ నీళ్లలోనే చిన్న ఆశ.

"అయితే మా నాయిన మీ ఊరికి వచ్చిండా అవ్వా? బండి దొరకలేదని తనే డబ్బా పట్టుకొని బయలెల్లిండు. తిరిగొస్తాంటే బస్సులనే పానం పోయింది... చెప్పవ్వా, ఆఖరి పూట మీ పిల్లల నడుమ సంబరంగ ఉండెనా?"