బంక

జీడిచెట్టుకి సుద్దతో నంబరు వేస్తున్న మనిషిని ఢిల్లీరావు వెనక నుంచి పట్టుకున్నాడు.

"ఏటి సేత్తన్నావు నా తోటలో?"

"మీకోసమే చూస్తున్నానండీ. విశాఖ నుంచి వచ్చాను. బంకకి పాతిక చెట్లు చాలు."

పలాస దగ్గర హైవే వెడల్పు చేస్తున్న రోజులవి. పెట్రోలు బంకు వస్తుందని చెప్పి ఎవరెవరో వచ్చి తోటలు కొలిచిపోతున్నారు. ఢిల్లీరావు చెవిలో బంక కాస్తా బంకు అయి కూర్చుంది.

ఈ తోట పోతే భార్య కాసులమ్మ వైద్యానికి డబ్బుండదు. ఆమె కాలేయానికి కొవ్వు పట్టి ఏడాదైంది.

ఆ మనిషి ఏదో చెప్పబోతున్నా వినకుండా, జీడిపిక్కలు నిలవచేసే పిక్కల గదిలోకి తోసి తాళం వేశాడు.

"సర్పంచి టెక్కలి నుంచి వచ్చీదాకా ఇక్కడే ఉండు."

"సాయంత్రం రైలెక్కాలండీ. లేకపోతే పని ఆగిపోతుంది."

"ఆగిపోనీ. నాకు కావలసింది అదే."

గదికి ఉన్నది ఒక్క కిటికీ. మధ్యాహ్నానికి లోపల ఊపిరాడటం లేదు. ఆ మనిషి ఊచలకి మొహం ఆనించి నిలబడ్డాడు.

కాసులమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆయన తాగకుండా ఆమె పచ్చటి కళ్ళనే చూశాడు.

"అమ్మా, కుడి డొక్కలో బరువుగా ఉంటుందా?"

"ఉంటాది బాబూ. కొవ్వట్టేసినాదంట. పూర్తిగా నయం సేసే మందు నేదన్నారు."

"మీ పేరు?"

చెప్పింది. జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు.

"పేరెందుకు సెప్పినావే? కేసెట్టడానికే అడిగినాడు." ఢిల్లీరావు మండిపడ్డాడు.

"మంచోడిలాగున్నాడు. ఒగ్గీ మావా."

అతను వినలేదు.

సర్పంచి వచ్చి తలుపు తీయించేసరికి పొద్దు గూకింది. ఆ మనిషి వాచీ చూసుకున్నాడు.

"ఇవాళే ఆఖరు" అని మాత్రం అని, తెచ్చిన ఖాళీ సంచితోనే వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండానే కాసులమ్మ మంచం పట్టింది. విశాఖ పెద్ద డాక్టరు ఆమె కాగితాలు చూసి నిట్టూర్చాడు.

"జీడిచెట్టు బంకతో దీనికి మందు చెయ్యొచ్చేమోనని మా మాస్టారు పదేళ్ళు తిప్పలు పడ్డారు. మనుషులకి ఇచ్చి చూడటానికి అనుమతి కూడా వచ్చింది. పురుగుమందు కొట్టని తోట దొరికేసరికి ఆఖరు రోజు అయింది. గడువులోగా బంక చేరలేదు, అంతా రద్దయింది."

పిక్కల గది తాళంచెవి ఇంకా ఢిల్లీరావు మొలతాడుకే ఉంది.

"మందు ముందుగా ఎవరికివ్వాలో కూడా రాసి పెట్టారు" అంటూ డాక్టరు సొరుగులోంచి ఒక కాగితం తీసి చూపించాడు.

సుద్ద మరకలున్న ఆ కాగితం మీద ఉన్నది ఒకే ఒక్క పేరు, కాసులమ్మ.