గురువారానికి వంటగట్టు

"కాస్త దూది ఉందా?" అని అడిగిందావిడ.

రాళ్ల షాపుకొచ్చి దూది అడిగిన మనిషిని సేల్స్‌మన్ అంతవరకూ చూడలేదు. చూడటానికి అతను ఉద్యోగంలో చేరి నాలుగు రోజులే అయింది. మందుల డబ్బాలోంచి తెచ్చిచ్చాడు. ఆవిడ సంచిలోంచి గోళ్ల రంగు తుడిచే మందు సీసా తీసి, దూది తడిపి, నల్ల గ్రానైట్ పలక మూల గట్టిగా రుద్దింది. దూది నల్లబడింది.

"ఇది రంగేసిన రాయి. ఇంకోటి చూపించండి."

అతని ప్రాణం ఉసూరుమంది. గంట నుంచీ ఇదే వరస. వెనక షెడ్డులో కోత మిషన్ రొద, ముందు ఈవిడ. దుమ్ముకి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కాలు కాలిన పిల్లిలా ఆ పలక దగ్గర్నుంచి ఈ పలక దగ్గరకు తిరుగుతోంది. నిజంగానే ఒక పాదానికి కట్టు ఉంది. నిమిషానికోసారి అద్దాల గది వైపు చూస్తోంది. లోపల యజమాని ఇటు వీపు పెట్టి ఫోన్లో మాట్లాడుతున్నాడు. ధర తగ్గించమని ఆయన్నే అడుగుదామని కాచుకుని ఉందేమోనని సేల్స్‌మన్ అనుకున్నాడు.

పాలమీగడలా ఉన్న మార్బుల్ చూపించి నోరారా పొగిడాడు. ఆవిడ దానిమీద నాలుగు చుక్కల నీళ్లు పోసి పది నిమిషాలు ఆగింది. తడిసినచోట రాయి మచ్చలా రంగు మారింది.

నీళ్లు తాగే రాయి నూనె కూడా తాగుతుందనీ, నిమ్మరసం పడితే మెరుపు చచ్చిపోతుందనీ ఆవిడే అతనికి పాఠం చెప్పింది. ఏడాదికోసారి పైన పూత వేయిస్తే సరిపోతుందన్నాడు అతను. ఆవిడ నవ్వింది, కానీ అది సంతోషంతో నవ్విన నవ్వు కాదు.

"ఏటా పూత వేయించే ఓపిక మా ఇంట్లో ఎవరికుంది బాబూ? అసలు గట్టుకే పన్నెండేళ్లు పట్టింది."

ఇంట్లో ఉన్నది సిమెంటు గట్టట. పగుళ్లలోంచి నీళ్లు కారి కింద డబ్బాల్లో పిండి పురుగు పడుతుందట. పొయ్యి కాలు కింద అట్టముక్క పెట్టి నెట్టుకొస్తోంది. ఎండలు తగ్గనీ అంటాడట భర్త, తర్వాత వానలు తగ్గనీ అంటాడట, అవీ తగ్గాక ఈ పెద్ద ఆర్డరు అవనీ అంటాడట. ఆయనకి వ్యాపారం. ఎప్పుడూ ఊళ్లోవాళ్ల పనులే. కిందటి వారం పొయ్యి ఒరిగి మరిగే నీళ్లు పాదం మీద పడ్డాయి. అప్పుడు కూడా ఆయన అట్టముక్క మార్చి పనిలోకి వెళ్లిపోయాడట.

"గురువారానికి గట్టు రాకపోతే ఇక ఆ వంటింట్లో అడుగు పెట్టను. ఒట్టు పెట్టుకున్నాను" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సేల్స్‌మన్‌కి ఆ భర్త మీద ఒళ్లు మండింది.

మూడో నల్లరాయి నెగ్గింది. దూది తెల్లగానే ఉంది, నీళ్లు పూసల్లా నిలబడ్డాయి. ఆవిడ దానిమీద అరచెయ్యి వేసి కాసేపు తియ్యలేదు.

కొలతలకి మనిషిని పంపుతామంటే అక్కర్లేదని సంచిలోంచి కాగితం చుట్ట తీసింది. పాత పేపర్లు అతికించి గట్టు ఆకారంలో కత్తిరించి ఉంది. సింకు చోటు, పొయ్యి చోటు గీసి ఉన్నాయి. అంచులు గుండ్రంగా తీయాలి, గట్టు రెండంగుళాలు ఎత్తు పెంచాలి, సింకు దగ్గర రాయి విరక్కుండా కింద ఇనుప పట్టీ వెయ్యాలి.

"ఇవన్నీ మీకెలా తెలుసండీ?"

"వినీ వినీ వచ్చేశాయి."

అడ్వాన్సు కట్టేసి ఒక్క షరతు పెట్టింది. గురువారమని యజమాని మాటివ్వాలి, కాగితం మీద సంతకం పెట్టాలి. తను మాత్రం లోపలికి రాదు.

సేల్స్‌మన్ వెళ్లేసరికి యజమాని ఎవరో ఇల్లాలికి గట్టుమీద యాసిడ్ పొయ్యొద్దని, సబ్బునీళ్లతో తుడిచి పొడిగుడ్డ వెయ్యమని ఓపిగ్గా చెబుతున్నాడు. ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి కథంతా విన్నాడు.

"ఏం మనిషయ్యా వాడు? ఇంట్లో ఆడమనిషి కాలు కాల్చుకుంటే అట్టముక్క పెడతాడా?"

"ఆయన వద్దంటే ఏం చెయ్యమంటారు సార్? ఆవిడ ఆయనకి చెప్పకుండానే వచ్చారట."

"నాకు ఫోన్ కొట్టు. నేను గడ్డిపెడతాను. గురువారం నువ్వే దగ్గరుండి బిగించిరా."

కొలతలు చూసి, కింద తన చేత్తోనే గురువారం అని రాసి సంతకం పెట్టాడు. పేరు, చిరునామా రాసే గళ్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. మళ్లీ ఫోన్లో పడ్డాడు.

ఆవిడ ఆ సంతకం రెండుసార్లు చదువుకుంది. చిరునామా రాసిచ్చి, అద్దాల గది వైపు ఇంకోసారి చూసి, కట్టుకాలు ఈడ్చుకుంటూ గబగబా వెళ్లిపోయింది.

గురువారం పొద్దున్న ఏడింటికి వ్యాను ఆ ఇంటి ముందు ఆగింది. ఇద్దరు మేస్త్రీలు రాయి దించుతున్నారు. దారిలో ఉండగానే ఆవిడ ఫోన్ చేసి, తలుపు మావారే తీస్తారు, మీరే మాట్లాడుకోండి అని పెట్టేసింది. ఆయన అరిస్తే ఏమనాలో సేల్స్‌మన్ మూడుసార్లు మనసులో అనుకున్నాడు. యజమాని నంబరు తీసి పెట్టుకుని గంట నొక్కాడు.

నోట్లో బ్రష్షుతో తలుపు తీసింది యజమాని.