గుండ్రటి గాలం

జూన్ తొమ్మిది. అమెరికాలోని కేప్ కాడ్ సముద్రపొడ్డున ఇంకా పొద్దు పొడవనే లేదు, మొదటి విసురుకే నాకు నలభై రెండు అంగుళాల చారల బాస్ చేప పడింది.

గుడ్లు పెట్టే తల్లి చేప. ఇక్కడి చట్టం ప్రకారం, ముప్పై ఒక్క అంగుళాలు దాటితే ప్రాణంతో వదిలేయాలి. అందుకే బతికున్న మలుగును, అంటే పాములాంటి చేపను, ఎరగా గుచ్చడానికి గుండ్రటి గాలమే వాడతాం. అది పెదవి అంచునే తగులుతుంది. సూటి గాలమైతే కడుపులో దిగుతుంది. దీనికి కడుపులోనే దిగింది.

నాతో వచ్చిన అవెలీనో తాత దారం కోసి, నడుంలోతు నీళ్లలో చేపను అరగంట పట్టుకున్నాడు. "ఈదవే తల్లీ, ఈదు!" అని బతిమాలాడు. అది వెల్లకిలా తేలింది.

"నిన్న గాలాలు కట్టింది నేనే కదే. గుండ్రటిదనుకుని సూటిది కట్టేసుంటా. గుడ్డోడికి చేపలెందుకు? గాలం కర్రలన్నీ రేపు ఎనిమిదింటికి పక్కింటోళ్లకి ఇచ్చేస్తా" అన్నాడు.

"ఊరుకో తాతా" అన్నాను.

తాత కట్టింది గుండ్రటిదే. నిరుడు దానితో రెండు చేపలు జారవిడుచుకున్నాను. అందుకే ఇవాళ తెల్లవారుజామున ఆయన కాఫీ పోసుకుంటుండగా, దాన్ని విప్పి సూటిది కట్టింది నేనే. ఆ గుండ్రటి గాలం ఇంకా నా జేబులోనే ఉంది.

రేపు ఏడింటికే వెళ్లి, దాన్ని తాత అరచేతిలో పెడతాను.