417 నంబరు బిళ్ల

"ఇంకా కాలే బిడ్డా. సూడు, బిళ్ల మేకుకే ఉన్నది."

రాజం కాక ప్రతి ఆదివారం ఇదే మాట అంటాడు. సుజిత ప్రతి ఆదివారం గోడకున్న మేకువైపు చూసి, "సరే కాకా" అంటుంది. ఆ తర్వాత ఆయన టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్తాడు.

సుజిత తండ్రి శాంతిరాజ్ బొగ్గుబాయి కార్మికుడు. పోయేముందు వీలునామా రాశాడు. ఇల్లూ, బ్యాంకులో ఉన్నదీ ఒక్కగానొక్క కూతురికి అప్పజెప్పే బాధ్యత దోస్తు రాజం మీద పెట్టాడు. కోర్టు ఆ వీలునామా చెల్లుతుందని ప్రొబేట్ ఇచ్చి ఏడాదిన్నర దాటింది.

కోర్టు కాగితం చేతికొచ్చిన రోజే రాజం కాక గోడకు ఒక మేకు కొట్టి, శాంతిరాజ్ పాత ఇత్తడి బిళ్లను తగిలించాడు. 417 నంబరుది.

"నీ పని ఒడిసిన రోజు ఇది నీ చేతుల పెడ్త," అన్నాడు.

ఆయన ముప్పై నాలుగేళ్లు గనిలో దీపాలిచ్చే గదిలో పనిచేసిన మనిషి. బాయిలోకి దిగేవాడు బిళ్ల ఇచ్చి దీపం తీసుకోవాలి. ఎక్కి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. మేకుకు బిళ్ల ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. వాడిప్పుడే ఇంటికి పోయాడని పదిమంది ప్రమాణం చేసినా రాజం కాక నమ్మేవాడు కాదు. బిళ్లనే నమ్మేవాడు.

సుజితకు నలభై నాలుగేళ్లు. ప్రైవేటు బడిలో టీచరు. పెళ్లి చేసుకోలేదు. చర్చిలో ప్రార్థన అయ్యాక అందరూ "మంచిగున్నవా?" అని అడిగి, జవాబు వినకుండానే బండ్లెక్కుతారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, ఎవరి ఇంట్లో వాళ్ల కూర ఉడుకుతుంటుంది. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆమెకు ఎంతకీ గడవదు.

గంగానగర్‌లో రాజం కాక తలుపు ముందే తీసి ఉంటుంది. భార్య లింగవ్వ పోయినప్పటి నుంచి ఆయనా ఒక్కడే. టీలో చక్కెర వేస్తాడు, వేశానో లేదోనని మళ్లీ వేస్తాడు. ఆమె వద్దనకుండా తాగుతుంది.

"బాయిల కప్పు పటపటమన్నది. అందరు పైకి ఉరికొచ్చిన్రు. మీ నాయినేమో, జతగాడు సదయ్య టిఫిన్ డబ్బ మరిశిండని మల్ల ఎనుకకు పోయిండు! డబ్బల ఏమున్నదో ఎరికేనా? ఏం లేదు, సదయ్య ఎప్పుడో తినేసిండు!"

ఈ కథ ఆమె ఎన్నిసార్లు విందో. ప్రతిసారీ అక్కడే నవ్వుతుంది. ఇంట్లో శాంతిరాజ్ రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. తన తండ్రి నవ్వించే మనిషని ఆమెకు ఈ ఇంటికి వచ్చాకే తెలిసింది.

సుజిత పక్కింటి జమున మాత్రం ఊరుకునే రకం కాదు.

"ఏడాదిన్నర అక్కా! ఇల్లు కురుస్తున్నది. బకెట్లు పెట్టుకొని పండుతున్నవ్. ఆ ముసలాయన ఎప్పుడిస్తడు? నాకెరికున్న వకీలు ఉన్నడు, నోటీసు పంపిద్దాం."

"వద్దే. పెద్దమనిషి."

"పెద్దమనిషి గాదు, మింగినోడు."

సుజిత మాట మార్చి, నిండిన బకెట్ పారబోయడానికి బయటికి వెళ్లింది.

తర్వాతి ఆదివారం జమున పిలవకపోయినా వెంట వచ్చింది. గడప దాటుతూనే అడిగేసింది.

"కాకా, మా అక్క కాగితాలేవి?"

"ఇంకా కాలే బిడ్డా. బిళ్ల మేకుకే..."

"బిళ్ల ఎవలికి గావాలె? కాగితాలు సూపెట్టు!"

"జమునా, పోదాం పా," సుజిత ఆమె చెయ్యి పట్టి లాగింది. జమున కదల్లేదు.

రాజం కాక మంచం కిందినుంచి ఇనుప పెట్టె లాగాడు. ఫైలు తీసి విప్పాడు. అందులో తుప్పు పట్టిన రెండు క్లిప్పులు తప్ప ఏమీ లేదు. తిరగేసి దులిపాడు. పెట్టెలో లింగవ్వ కళ్లద్దాలూ, తన పెన్షన్ పుస్తకమూ ఉన్నాయి. అంతే.

"సూసినవా అక్కా?" అంది జమున.

రాజం కాక మంచం కింద మళ్లీ తడిమాడు. ఈ మధ్య పొద్దున అన్నం తిన్నాడో లేదో కూడా ఆయనకు గుర్తుండటం లేదు. కాని బిళ్ల ఎదురుగా ఉంది. బిళ్ల ఉందంటే పని కాలేదు. పని కాకపోతే కాగితాలు ఏమైనట్టు? ముప్పై నాలుగేళ్లలో ఒక్కనాడూ బిళ్లను అనుమానించలేదు. అందుకని తననే అనుమానించుకున్నాడు.

నేలమీద కూలబడ్డాడు.

"శాంతిరాజ్ సొమ్ము నేను తిన్ననా బిడ్డా? నాకు యాదికి అస్తలేదు. తినే ఉంట. నన్ను ఠాణకు తీస్కపో."

ఆ ముసలి మొహం చూడలేక సుజితకు ఏడుపొచ్చింది. లేచి వెళ్లి మేకుకున్న బిళ్లను తీసింది. ఆయన ముందు కూర్చుని, దాన్ని ఆయన అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"పోయినేడు ఈస్టర్‌కే కాగితాలు, బిళ్ల అన్ని నా చేతుల పెట్టినవ్ కాకా, ఆదివారం పోదామంటే నాకు ఇంకో గడప లేక బిళ్లను మల్ల తగిలేసింది నేనే."